సొంత లారీ నడిపేవాళ్లు ఇంటికి టైం ఎట్లా ఇస్తున్నారు? ముంబై లైన్ వదిలి దగ్గర లైన్ పట్టుకోవాలా?

ప్రశ్న: పది టైర్ల బండి, హయత్‌నగర్

అందరికీ నమస్తే. నాది పది టైర్ల బండి, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, ఓనర్ నేనే డ్రైవర్ నేనే. హైదరాబాద్ నుంచి ముంబై, దాని పక్కనున్న భివండి లైన్ తిప్పుతున్నాను. కిస్తీ నెలకు 36 వేలు, ఇంకా ఏడాదిన్నర కట్టాలి.

కిరాయిలు వస్తున్నాయి, బండి ఆగడం లేదు, కానీ ఇంట్లో పడుకునే రాత్రులు నెల మొత్తానికి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పాప రెండో తరగతి, బాబుకు మూడేళ్లు. బతుకమ్మకు ఇంట్లో ఉంటానని చెప్పాను, రిటర్న్ లోడు దొరక్క పండుగంతా భివండి పార్కింగ్‌లోనే అయిపోయింది. మా ఆవిడ గొడవ పెట్టుకోదు, అడగడం కూడా మానేసింది, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

లాంగ్ లైన్ మానేసి షోలాపూర్, విజయవాడ లాంటి దగ్గర లైన్‌లోకి వస్తే ఇల్లు గడుస్తుందా? లోకల్ కాంట్రాక్టు మేలా? లేక కిస్తీ అయ్యేదాకా పళ్లు బిగించి ఇట్లాగే నడపాలా? నడిపిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. బండి అమ్మేసి జీతానికి వెళ్లమని మాత్రం చెప్పకండి, అది చేసే ఉద్దేశం లేదు.

జవాబు: పాత లైన్ డ్రైవర్, పటాన్‌చెరు

తమ్మీ, ముందు ఒక పని చెయ్యి. ట్రిప్పుకు ఎంత మిగిలింది అని చూడడం ఆపు, రోజుకు ఎంత మిగిలింది అని చూడు. రోజు అంటే బండి నడిచిన రోజు ఒక్కటే కాదు. లోడు కోసం ఆగింది, గోడౌన్ ముందు లైన్‌లో నిలబడింది, సిటీలో నో ఎంట్రీ అని ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) దిగి రాత్రి దాకా కూర్చున్నది, అన్నీ క్యాలెండర్ రోజులే. మన లైన్‌లో చాలామంది ట్రిప్పు మిగులు చూసి సంతోషపడతారు, ఆ ట్రిప్పు ఎన్ని రోజులు తిన్నదో చూడరు.

ఉదాహరణకే ఒక లెక్క వేస్తున్నాను, నీ కిరాయిలు వేరే ఉంటే అవి పెట్టుకో. పోను 42 వేలు, రాను 30 వేలు, మొత్తం 72 వేలు అనుకో. పోనురాను 1,420 కిలోమీటర్ల దాకా ఉంటుంది, లోడుతో నాలుగు మైలేజ్ వేసుకున్నా 355 లీటర్లు, లీటరు 95 లెక్కన డీజిల్‌కే 34 వేలు. టోల్ 11 వేలు, కమీషన్, హమాలీ, కాటా, తిండి, దారి ఖర్చు అన్నీ కలిపి 6 వేలు తీసెయ్యి. 21 వేలు మిగిలింది. ఇప్పుడు రోజులు చూడు. నడిపేది నాలుగు రోజులు, అక్కడ అన్‌లోడింగ్‌కు ఒకటి, రిటర్న్ లోడుకు రెండు, ఇక్కడ దింపడానికి ఇంకొకటి. ఎనిమిది రోజులు. రోజుకు 2,600 చిల్లర.

అదే షోలాపూర్ వేసుకో. పోను 16 వేలు, రాను ఉల్లిగడ్డ లోడు దొరికితే 14 వేలు, 30 వేలు. డీజిల్ 14 వేలు, టోల్ 4 వేలు, మిగతావి మూడున్నర. ఎనిమిదిన్నర వేలు మిగులుతుంది, మూడు రోజుల్లో తిరిగి వస్తే రోజుకు 2,800. నాలుగో రోజు పడితే 2,100కు పడిపోతుంది.

ఇందులో అర్థమయ్యేది ఏమిటంటే దూరం వల్ల పెద్ద తేడా రావడం లేదు, ఆగిన రోజుల వల్లే వస్తుంది. భివండిలో రెండు రోజుల ఆగుడు ఒక రోజుకు తగ్గించగలిగితే నీ ముంబై లైనే రోజుకు 3 వేలు ఇస్తుంది. షోలాపూర్‌లో ఒక రోజు ఎక్కువ ఆగితే నీ దగ్గర లైన్ నిన్ను ముంచుతుంది. కాబట్టి లైన్ మార్చే ముందు రెండు వైపులా నీకు లోడు ఇచ్చే మనిషి ఉన్నాడా లేదా చూసుకో. ఒకవైపు లోడు, ఇంకోవైపు దేవుడి దయ అంటే దగ్గర లైన్ అసలు నడవదు.

జవాబు: డ్రైవర్ గారి ఇల్లాలు, ఉప్పల్

అన్నా, నేను బండి నడపను, మా ఆయన పన్నెండు టైర్ల బండి నడుపుతారు. ఇంటి వైపు నుంచి చెబుతాను, ఏమీ అనుకోవద్దు.

మీరు ఎన్ని రోజులు ఇంట్లో ఉన్నారు అన్నదానికంటే ఎప్పుడు వస్తారో ముందే తెలియకపోవడమే మాకు ఎక్కువ కష్టం. "రేపు లోడు అయితే ఎల్లుండి వస్తా" అంటారు, అది మూడు రోజులు జరుగుతుంది, పిల్లలు రోజూ అడుగుతారు, రోజూ మేమే ఏదో ఒకటి చెప్పాలి. మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి మార్చుకున్నాం. నెల మొదట్లోనే రెండు తేదీలు అనుకుంటాం. స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ ఉంటే దాని పక్కన ఒకటి, పండుగో ఫంక్షనో ఉంటే ఇంకొకటి. ఆ తేదీకి నాలుగైదు రోజుల ముందు నుంచి ఆయన దూరం లోడు పట్టుకోరు, కిరాయి ఎంత ఎక్కువ చెప్పినా సరే. ఒకటి రెండు మంచి లోడ్లు వదులుకున్నాం, అది నిజం. కానీ మిగతా రోజులు ఎప్పుడు వస్తావని నేను ఫోన్లో అడగడం లేదు, ఆయనకు కూడా ఆ టెన్షన్ తగ్గింది.

ఇంకొక మాట. ఇంటికి వచ్చిన రోజును మెకానిక్ రోజు చెయ్యకండి. ఇదివరకు మా ఆయన వచ్చారంటే పొద్దున్నే ఆటోనగర్. గ్రీజు, బ్రేకులు, కమాన్ కట్టలు (స్ప్రింగులు), వెల్డింగ్, సాయంత్రానికి నల్లటి చేతులతో వచ్చి అన్నం తిని పడుకునేవారు, తెల్లారి లోడింగ్. అది ఇంట్లో ఉన్నట్టు కాదు కదన్నా. ఇప్పుడు చిన్న చిన్న పనులు రిటర్న్ లోడు కోసం ఆగిన చోటే చేయించుకుంటున్నారు, ఎట్లాగూ అక్కడ ఖాళీగానే కూర్చుంటారు. పెద్ద పని ఉంటేనే ఆటోనగర్.

ఆఫీసు పనులు నేను తీసుకున్నాను. ఫాస్టాగ్ రీచార్జ్, సరుకు దింపినట్టు ఇచ్చే పీఓడీ కాగితాలు ఫొటో తీసి పంపడం, ఒరిజినల్ కొరియర్ చెయ్యడం, బ్యాలెన్స్ డబ్బుల కోసం ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు ఫోన్ చెయ్యడం, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఫిట్‌నెస్ తేదీలు చూసుకోవడం. మొదట్లో ఆడమనిషి ఫోన్ చేస్తే డబ్బులు ఇస్తారా అని ఆయనకు అనుమానం ఉండేది. ఇప్పుడు నేను అడిగితేనే తొందరగా వేస్తున్నారు, ఎందుకంటే నేను వరుసగా మూడు రోజులు ఒకే టైంకు ఫోన్ చేస్తాను. ఆయన డ్రైవింగ్‌లో ఉండి అంత వెంటపడలేరు. మీ ఇంట్లో వదిన గారికి కూడా చెప్పి చూడండి, బండి గురించి తెలిస్తే మీరు ఎందుకు ఆగిపోయారో కూడా అర్థమవుతుంది.

జవాబు: ఢిల్లీ లైన్, బోయిన్‌పల్లి

నేను వేరేగా చెబుతా అన్నా. ఏడాదిన్నరే కదా మిగిలింది. కిస్తీ ఉన్నన్ని రోజులు నెలకు 36 వేలు నీవి కావు, ఫైనాన్స్ వాళ్లవి. దాని మీద ఇన్సూరెన్స్ ఉంది, నీలాంటి పది టైర్ల బండికి థర్డ్ పార్టీ ప్రీమియమే జీఎస్టీ కాకుండా ఏడాదికి 44 వేలకు దగ్గర, మూడు నెలలకోసారి ట్యాక్స్, టైర్లు. ఇవన్నీ నెలకు 15 వేలని పక్కన పెట్టుకుంటే, ఇంటికి రూపాయి తీసుకెళ్లకముందే 51 వేలు సంపాదించాలి. పైన అన్న చెప్పిన రోజుకు 2,600 లెక్కన దాదాపు ఇరవై రోజుల పని దానికే పోతుంది. ఈ టైంలో లైన్ మార్చి కొత్త చోట లోడ్లు వెతుక్కుంటూ ఒక నెల ఖాళీగా పోతే కిస్తీ బౌన్స్ అవుతుంది, ఆ తర్వాత వాళ్ల ఫోన్లు మొదలవుతాయి, అప్పుడు ఇంట్లో ఉన్నా ప్రశాంతంగా ఉండలేవు. ఏడాదిన్నర గట్టిగా నడిపి, బండి నీ పేరు మీద క్లియర్ అయ్యాక దగ్గర లైన్‌కు రా. అప్పుడు నెలకు పదిహేను రోజులు నడిపినా సరిపోతుంది.

జవాబు: పాత లైన్ డ్రైవర్, పటాన్‌చెరు

బోయిన్‌పల్లి తమ్మి లెక్క కరెక్టే, నేను కాదనను. కానీ "గట్టిగా నడిపి" అన్న మాట దగ్గర ఆగాలి. గట్టిగా అంటే నిద్ర మానేసి అనే అర్థం మన లైన్‌లో. జీతానికి డ్రైవర్‌ను పెట్టుకుంటే చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని. ఓనరే నడిపితే అట్లా ఆపేవాడు ఎవడూ ఉండడు, కిస్తీ తేదీ గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో రెండు గంటలు తొక్కుతాడు. జహీరాబాద్ దాటి హుమ్నాబాద్ వైపు తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య ఎన్ని బండ్లు ముందు ఆగి ఉన్న బండిని వెనక నుంచి గుద్దాయో ఆ రోడ్డు మీద తిరిగే అందరికీ తెలుసు.

ఇంకొకటి, బ్రోకర్లు సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లు టైం అయిపోతుందని భయపెడతారు. 2021 జనవరి నుంచి మామూలు లోడుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంది. ముంబైకి 700 పైన ఉంటుంది కాబట్టి నాలుగు రోజులు వస్తుంది. దారిలో బండి పాడైతే గడువు అయ్యే 8 గంటల ముందు నుంచి, అయిన 8 గంటల తర్వాత దాకా పొడిగించుకోవచ్చు. రాత్రి హాయిగా పడుకుని వెళ్లినా బిల్లు చావదు. పార్టీకి అర్జెంటు అయితే అది వేరే మాట, దానికి కిరాయి వేరే అడుగు.

జవాబు: డీసీఎం, మేడ్చల్

లోకల్ కాంట్రాక్టు గురించి అడిగారు కదా, నేను చేస్తున్నది అదే. మేడ్చల్ దగ్గర ఒక గోడౌన్‌కు నెలవారీ మీద డీసీఎం (చిన్న లారీ) పెట్టాను, సిటీలో షాపులకు సరుకు దింపాలి.

రోజూ ఇంటికి వెళ్తాను, అది నిజమే. కానీ లోకల్ అంటే సాయంత్రం ఆరింటికి టిఫిన్ డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చే ఉద్యోగం అనుకోవద్దు. పగలు సిటీలో పెద్ద బండ్లకు నో ఎంట్రీ ఉంటుంది కాబట్టి పని రాత్రిపూట. రాత్రి పదకొండుకు ఎక్కి పొద్దున ఎనిమిదికి దిగుతాను, పిల్లలు స్కూలుకు వెళ్లే ముందు అరగంట, వచ్చిన తర్వాత మూడు నాలుగు గంటలు. ఆ మూడు నాలుగు గంటలు మాత్రం పూర్తిగా నావి. హోంవర్క్ నేనే చేయిస్తాను. ఆదివారం సెలవు.

డబ్బు లైన్ బండి కంటే తక్కువ. పైగా మొదటి బిల్లు డబ్బులు చేతికి రావడానికి నలభై అయిదు రోజుల దాకా పట్టింది, అంటే డీజిల్, కిస్తీ రెండు నెలలు మన జేబులో నుంచే పెట్టుకోవాలి. బండి పాడైతే అదే రోజు ఇంకో బండి పెట్టాలని కాంట్రాక్టులో ఉంటుంది, సంతకం పెట్టే ముందు ఆ లైన్ చదువుకోండి. మీ పది టైర్ల బండికి నా లాంటి సిటీ పని దొరకదు. కానీ శంషాబాద్, కొత్తూరు, మేడ్చల్, బాటసింగారం వైపు గోడౌన్ల మధ్య, ఓఆర్ఆర్ మీదే తిరిగే పని ఉంటుంది, సిటీ లోపలికి రానవసరం లేదు. మీరు హయత్‌నగర్‌లోనే ఉన్నారు, బాటసింగారం మీకు పక్కనే, అక్కడ లాజిస్టిక్స్ పార్కులో ఒకసారి తిరిగి అడగండి. ఫోన్లో అడిగితే ఎవరూ చెప్పరు.

ప్రశ్న అడిగినవాడు: పది టైర్ల బండి, హయత్‌నగర్

అందరికీ థాంక్స్. ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు.

పటాన్‌చెరు అన్నా, మీరు చెప్పిన లెక్క నా డైరీ పెట్టుకుని వేశాను. మీరు అన్న 2,600 కూడా రావడం లేదు, ఎందుకంటే నాకు భివండిలో ఆగుడు ఎక్కువ. అక్కడ నాకు తెలిసిన ట్రాన్స్‌పోర్ట్ ఒక్కటే, వాళ్ల దగ్గర లోడు లేకపోతే నేను కూర్చోవాల్సిందే. కిరాయి తక్కువ అని ఇంతకాలం అనుకున్నాను, తగ్గేది అక్కడ అన్నమాట.

ఉప్పల్ అక్కా, తేదీల విషయం మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె వెంటనే క్యాలెండర్ తెచ్చి పాప పుట్టినరోజు దగ్గర గుర్తు పెట్టింది.

ఒక డౌట్. మా బావమరిదికి హెవీ లైసెన్స్ ఉంది, ప్రస్తుతం వేరే వాళ్ల దగ్గర జీతానికి చేస్తున్నాడు. ఒక ట్రిప్పు నేను, ఒక ట్రిప్పు అతను నడిపితే ఎట్లా ఉంటుంది? బండి ఆగదు, నేను సగం రోజులు ఇంట్లో ఉంటాను.

జవాబు: ఢిల్లీ లైన్, బోయిన్‌పల్లి

బండి ఆగదు కానీ ఆదాయం ఇద్దరికి పంచాలి కదన్నా. రోజుకు 2,600లో అతనికి జీతం, బత్తా తీసి కిస్తీ కట్టాక నీ ఇంటికి పెద్దగా మిగలదు. బండి ఇప్పటికంటే ఎక్కువ రోజులు తిరిగితేనే అది పనికొస్తుంది. ఇప్పుడు నువ్వు వచ్చి ఒకటి రెండు రోజులు పడుకుంటున్నావు, ఆ రోజుల్లో బండి తిరగాలి, అప్పుడే రెండో మనిషి జీతం వస్తుంది. ప్రతి ట్రిప్పూ వంతులు అనుకోకుండా, నువ్వు ఇంటికి అనుకున్న తేదీలప్పుడు మాత్రం అతన్ని పంపు. అతను జీతం వదిలి వస్తాడా అన్నది కూడా చూడు.

జవాబు: పాత లైన్ డ్రైవర్, పటాన్‌చెరు

నేనూ అదే అంటాను. దానితో పాటు, చుట్టం కదా అని నోటి మాట మీద పెట్టుకోకు. ట్రిప్పుకు ఇంత, బత్తా ఇంత, డీజిల్ ఇన్ని లీటర్లు, ఎక్కువైతే ఎవరు భరించాలి, అన్నీ ముందే కాగితం మీద రాసుకోండి. డబ్బు లెక్కలో బావమరిదితో చెడితే అక్కాతమ్ముళ్ల మధ్య కూడా మాటలు పోతాయి, మీ ఆవిడ మధ్యలో నలిగిపోతుంది.

ఇన్సూరెన్స్ పేపర్ కూడా తీసి చూడు. పాలసీలో ఓనర్-డ్రైవర్‌కు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటుంది, అది నీకే, అతను నడిపేటప్పుడు అతనికి వర్తించదు. జీతం డ్రైవర్‌కు, క్లీనర్‌కు కవర్ వేరే ప్రీమియం కట్టి చేర్పించాలి. పెద్ద ఖర్చు కాదు, తప్పకుండా చేయించు.

భివండి విషయానికి వస్తే, ఒక్క ట్రాన్స్‌పోర్ట్ మీద ఆధారపడితే ఎవరి బండైనా ఆగుతుంది. ఈసారి వెళ్లినప్పుడు అన్‌లోడింగ్ అయ్యేదాకా ఆగకుండా, షోలాపూర్ దాటగానే ఫోన్లు మొదలుపెట్టు. కనీసం నలుగురు, ఐదుగురు మాట్లాడే మనుషులు ఉండాలి, మొబైల్ యాప్‌లలో కూడా బండి ఖాళీ అని పెట్టి ఉంచు కానీ యాప్‌లో తెలియని పార్టీ అయితే అడ్వాన్స్ పడకుండా బండి కదపొద్దు. ముంబైలోనే హైదరాబాద్ లోడు కావాలని పట్టుబట్టకు. పూణే దాకా వెళ్లి అక్కడ ఎక్కించుకో, లేదంటే షోలాపూర్ దాకా ఏదో ఒక తక్కువ లోడు వేసుకుని వచ్చి అక్కడ ఉల్లిగడ్డ పట్టుకో. చలికాలంలో షోలాపూర్ మార్కెట్‌కు ఉల్లిగడ్డ బాగా దిగుతుంది, మలక్‌పేట మార్కెట్‌కు బండ్లు కావాలి. కిరాయి తక్కువైనా రెండు రోజులు పార్కింగ్‌లో వంట చేసుకుంటూ కూర్చోవడం కంటే మేలు.

హాల్టింగ్ కూడా అడుగు. అన్‌లోడింగ్ ఒక రోజు దాటితే రోజుకు ఇంత అని ఎల్ఆర్ (లారీ రసీదు) మీద రాయించుకో. అడిగితే లోడు ఇవ్వరని భయపడతారు మనవాళ్లు. అందరూ ఇవ్వరు, నిజమే. కానీ రాసి లేకపోతే ఎవరూ ఇవ్వరు.

జవాబు: డ్రైవర్ గారి ఇల్లాలు, ఉప్పల్

అన్నా, పాప పుట్టినరోజు గుర్తు పెట్టుకున్నారు కదా, ఆ ముందు వారం విజయవాడ లోడు వేసుకోండి. 275 కిలోమీటర్లే, రాత్రి ఎక్కితే పొద్దున దింపొచ్చు, ఏదైనా ఆలస్యమైనా ఖాళీ బండితో అయినా సాయంత్రానికి ఇంటికి చేరుకోవచ్చు. మా ఆయన అట్లాగే చేస్తారు. ఖాళీగా వస్తే డీజిల్ నష్టం వస్తుంది, అది ఆ నెల ఇంటి ఖర్చులో రాసుకుంటాం, బండి ఖర్చులో కాదు.

ఇంకొకటి మర్చిపోయాను. కిరాయిలో ఇన్‌కమ్ ట్యాక్స్ కింద టీడీఎస్ కోస్తున్నారా మీకు? పది బండ్ల దాకా ఉన్నవాళ్లు పాన్ నంబర్‌తో డిక్లరేషన్ రాసిస్తే కొయ్యకూడదు. మాకు ఒక ఆఫీసులో కోస్తుంటే ఆ కాగితం ఇచ్చిన తర్వాత ఆపారు.

ప్రశ్న అడిగినవాడు: పది టైర్ల బండి, హయత్‌నగర్

టీడీఎస్ రెండు చోట్ల కోస్తున్నారక్కా, డిక్లరేషన్ రేపే ఇస్తాను.

ప్రస్తుతానికి ముంబై లైన్ వదలడం లేదు. కిస్తీ అయ్యేదాకా అదే, కానీ నెలకు రెండు తేదీలు ముందే పెట్టుకుంటాను, ఆ వారాల్లో విజయవాడ, షోలాపూర్ మాత్రమే. బావమరిదితో ఆదివారం మాట్లాడతాను, ఇన్సూరెన్స్ ఏజెంట్‌కు ఇప్పుడే ఫోన్ చేశాను. పటాన్‌చెరు అన్నా, పూణేలో మీకు తెలిసిన ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు ఎవరైనా ఉంటే పర్సనల్ మెసేజ్ పెట్టండి. బుధవారం లోడింగ్ ఉంది, ఈసారి అక్కడ ఎన్ని రోజులు ఆగానో వచ్చి ఇక్కడే రాస్తాను.